దిబ్బ మీద పదకొండు ఇళ్లు

సుంకులమ్మ మొలకను చూసి కాదు, ముట్టుకుని చెప్పేది. రెండాకులు వేసిన పసిమొక్క మొదలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఒక్కసారి అటూ ఇటూ దొర్లించి, "ఇది ఊద, పీకేయండి" అనో, "ఇది మన గడ్డి, ఉండనీండి" అనో అనేది. ఆ విద్య డాక్టర్ సుభాషిణికి ఆరేళ్లయినా పట్టుబడలేదు. ఆమెకు వృక్షశాస్త్రంలో డాక్టరేట్ ఉంది, మంచి భూతద్దం ఉంది. అయినా పదింటిలో మూడు తప్పు చెప్పేది. సుంకులమ్మ తప్పు చెప్పగా ఎవరూ వినలేదు.

రేణిమానుపల్లె పక్కన ఉన్న ఆ పరిశోధనా క్షేత్రం నలభై ఎకరాల బీడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల నేలంతా నడుం లోతు నాటు గడ్డి ఉండేది. దాన్ని గింజ నుంచి మళ్లీ పెంచి బీడును పచ్చికబయలుగా చేయడం సుభాషిణి పెట్టుకున్న పని. వినడానికి తేలికగా ఉంటుంది. కానీ నాటు గడ్డి మొదటి ఏడాది పైకి ఎదగదు. వేరును కిందికి దించుకోవడంలోనే దాని సత్తువంతా పోతుంది. పైన కనిపించేది రెండు మూడు ఆకులే. ఈలోగా ఊద, వయ్యారిభామ, పల్లేరు మోకాలెత్తు లేచి దాన్ని నీడలో ముంచేస్తాయి. మందు కొడితే కలుపుతో పాటు గడ్డీ చస్తుంది. లోతుగా దున్నితే అడుగున పడుకున్న కలుపు గింజలు పైకి తేలి ఇంకా మొలుస్తాయి. ఇక మిగిలింది మనిషి చెయ్యి. నలభై ఎకరాల్లో ఒక్కో మొలకను ముట్టి చూడటానికి సుంకులమ్మకు రెండే చేతులు.

అయిదేళ్లు విత్తారు. అయిదేళ్లూ కలుపే గెలిచింది.

ఆరో ఏడు ఇలియాస్ వచ్చాడు. రసాయన శాస్త్రం చదివినవాడు, ముప్పై అయిదేళ్లుంటాయి, నెమ్మదిగా మాట్లాడేవాడు. వచ్చిన నెలకే సుభాషిణి బల్ల ముందు కూర్చుని, "కలుపు మనల్ని ఓడిస్తున్నది మొలిచి కాదు మేడం, మొలవకుండా ఉండి. ఈ వానకు వెయ్యి గింజలు లేస్తే పది వేలు కింద నిద్రపోతూ ఉంటాయి. మనం ఈ వెయ్యినీ చంపి గెలిచామనుకుంటాం. వచ్చే వానకు ఇంకో వెయ్యి లేస్తాయి. ఆ నిద్రే వాటి బలం," అన్నాడు.

"అయితే?"

"అన్నిటినీ ఒకేసారి లేపేద్దాం."

కార్చిచ్చు తర్వాత అడవి మొలకెత్తడానికి పొగలో ఉండే ఒక పదార్థం కారణమని శాస్త్రం చదివినవాళ్లకు తెలిసిందే. ఇలియాస్ దాన్ని విరిచి, అతికి, రెండేళ్లు కుస్తీ పట్టి వేరే పదార్థంగా మార్చాడు. డ్రమ్ము నీళ్లకు ఒక చెంచా చాలు. ఆ నీళ్లు తడిసిన మట్టిలో ఏ గింజకూ ఇక నిద్ర ఉండదు. మే నెలలో నేల తడిపి అన్నిటినీ లేపడం, మొలకలను కలుపు తీసే తొలికలతో పైపైన చెక్కేయడం, పక్షం తర్వాత మళ్లీ ఒకసారి లేపి చెక్కడం, జూన్ వానకు ఖాళీ అయిన నేలలో నాటు గడ్డి విత్తడం. అదీ పద్ధతి. కూలికి వచ్చే ఆడవాళ్లు దానికి 'లేపుడు మందు' అని పేరు పెట్టారు.

మొదటి ఏడాది పదెకరాల్లో చేశారు. పదో రోజుకు మొలకల కింద నేల కనిపించలేదు. చెక్కి, మళ్లీ లేపితే రెండోసారి అక్కడక్కడా నాలుగు మొక్కలు మొలిచాయి. ఆ జూన్‌లో విత్తిన గడ్డి పక్కన కలుపు లేక, ఎండంతా తనదే అయి నిలదొక్కుకుంది. సుభాషిణి ఆ మడి గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. సుంకులమ్మ వచ్చి, "ఇంగ నా పని పోయిందిలే మేడం," అని నవ్వింది.

మరుసటి ఏడు మిగతా నేలంతా చేశారు. చివరికి తూర్పు వైపు దిబ్బ ఒక్కటి మిగిలింది.

అయిదెకరాల ఎత్తు నేల అది. ఎవరూ ఎప్పుడూ దున్నలేదు. గొర్రెల కాపరులు మందను దాని చుట్టూ తిప్పి తోలుకెళ్లేవాళ్లు. ఎందుకని అడిగితే, "మా నాయన అట్లనే తోల్తాండె" అనేవాళ్లు తప్ప కారణం తెలీదు. మనిషి కదపని మట్టి కాబట్టి గింజలు బాగా లోతున ఉంటాయని ఇలియాస్ లెక్క వేశాడు. మందు మూడింతలు కలిపాడు. సుభాషిణి సరేనంది.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఇరవైమంది ఆడవాళ్లు తొలికలు పట్టుకుని దిబ్బ ఎక్కారు. అందరికంటే ముందు నడుస్తున్న సుంకులమ్మ ఉన్నట్టుండి ఆగింది. వెనక వచ్చేవాళ్లు ఆమెకు తగిలి ఆగారు.

మొక్కలు ఎక్కడ పడితే అక్కడ లేవలేదు. కొన్నిచోట్ల గీత గీసినట్టు వరసగా లేచాయి. కొన్నిచోట్ల చాప పరిచినంత మేర ఒక్కటీ లేదు. సుంకులమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టి, వంగి చూసుకుంటూ నడిచింది. సుభాషిణి ఆమె వెనకే వెళ్లింది.

"ఇది చేను గాదు మేడం."

"మరి?"

"ఇల్లు. ఇదో, ఇక్కడ గట్టిగా తొక్కుడు పడిన నేల. ఏమీ మొలవలే. ఇది వాకిలి. ఇది ఆముదం, ఈడ జాలాడి ఉండి ఉంటాది, నీళ్లు పారే తావు. దీని పక్కన గోంగూర. అదో, నడిమద్దెన ఒక్కటే తులసి." ఆమె లేచి నిలబడింది. "ఎవురో కాపురం చేసినారు ఈడ."

ఇలియాస్ డ్రోన్ ఎగరేసి పైనుంచి ఫొటో తీశాడు. సుభాషిణీ అతనూ లాప్‌టాప్ మీదికి వంగి చూశారు. ఎర్రమట్టి మీద పచ్చని గీతలతో ఇళ్లు. మధ్యలో సన్నని వీధి. ఒక పెరట్లో పొగాకు మడి, ఇంకో దాంట్లో మిరప. రెండు ఇళ్ల మధ్య ఏదో తీగ మొలకలు ఒకప్పటి పందిరి కొలతకు చతురస్రంగా కనిపిస్తున్నాయి. ఇలియాస్ వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండు.

ఊళ్లో ఎవరికీ ఆ పల్లె సంగతి తెలియదు. రికార్డుల్లో లేదు. సుంకులమ్మ మాత్రం మధ్యాహ్నం సద్ది తింటూ వాళ్ల అవ్వ చెప్పిన మాట ఒకటి చెప్పింది. "మా జేజి అంటాండె, వాళ్ల జేజి వాళ్లు యాడినుంచో ఒకే పూటలో లేసి వచ్చినారంట. పొయ్యి కూడా ఆర్పకుండా వచ్చినారంట. ఎందుకని అడిగితే చెప్పకపోతాండె. ఆ పక్క చూడగూడదు అంటాండె, అంతే."

"ఇక్కడి నుంచేనంటావా అక్కా?"

"ఏమో. పదకొండు ఇండ్లని మాత్రం చెప్పలే." ముద్ద కింద పెట్టింది. "ఇండ్లలో మనం తొలిక పెట్టేది నాకు సరిపోలే మేడం. ఈ దిబ్బ ఇడ్సిపెట్టరాదా?"

సుభాషిణి ఆలోచించకుండా లేదు. కానీ ఈ దిబ్బను వదిలేస్తే ఈ మొక్కలన్నీ పూసి గింజ వేస్తాయి. ఆ గింజలు గాలికి మిగతా ముప్పై అయిదెకరాల మీద పడతాయి. రెండేళ్ల పని మట్టిలో కలుస్తుంది. అదే చెప్పింది. ఇవి ఒట్టి గింజలు అక్కా, ఎవరో పారేసినవి, రాలినవి, అంది. సుంకులమ్మ ఆమె చెప్పిందంతా విని, చెయ్యి కడుక్కుని, తొలిక తీసుకుంది. తులసి మొక్కలను మాత్రం చివరికి ఉంచుదామంది. అందుకు సుభాషిణి ఒప్పుకుంది.

సోమవారం సాయంత్రానికి ఏడిళ్లు చెక్కారు. ఎప్పటిలాగే ఆడవాళ్లు లేత ఆకులను ఒడిలో నింపుకుని మేకలకూ గొర్రెలకూ తీసుకెళ్లారు. సుంకులమ్మ రెండు మోపులు పట్టుకెళ్లింది.

*

సుభాషిణి భర్త జయపాల్ మండలంలో పశువుల డాక్టరు. క్షేత్రం దగ్గరే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు. పదిహేనేళ్ల కాపురం. పిల్లలు లేరు. సాయంత్రాలు వరండాలో కూర్చుని ఆయన చచ్చిన పశువుల గురించీ, ఆమె మొలవని గింజల గురించీ చెప్పుకునేవాళ్లు. అందులో ఇద్దరికీ ఒక సుఖం ఉండేది.

మంగళవారం ఆయన ఇంటికి వచ్చి లోపలికి రాలేదు. పెరట్లో కొళాయి దగ్గర నిలబడి మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంటూ ఉండిపోయాడు. బట్టలు విప్పి బకెట్‌లో వేసి మందు నీళ్లు పోశాడు. సుభాషిణి కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడింది.

"సుంకులమ్మ మేకలు రెండూ చచ్చాయి. పొద్దున బాగున్నాయట. మధ్యాహ్నానికి పడిపోయాయి. ముక్కులోంచి రక్తం. గడ్డకట్టడం లేదు."

"ఏమిటది?"

"చూడటానికి దొమ్మ లాగా ఉంది, ఆంత్రాక్స్. నేను కోయనివ్వలేదు. లోతుగా గుంట తీయించి సున్నం పోసి పూడ్పించాను. రక్తం జిల్లాకు పంపాను." ఆయన కొళాయి కట్టేశాడు. "ఇరవై ఏళ్లలో ఈ మండలంలో దొమ్మ రాలేదు సుభా. మేత ఎక్కడిదని అడిగాను. దిబ్బ మీదిదంది."

కాఫీ గ్లాసు సుభాషిణి చేతిలోనే ఉండిపోయింది.

దొమ్మ క్రిమి మట్టిలో బతకదు. గింజ లాగానే గట్టి పెంకు కట్టుకుని పడుకుంటుంది. పదేళ్లు, యాభై ఏళ్లు, వందేళ్లు. ఏ పశువో మేతతో పాటు మింగితే ఆ ఒంటి వెచ్చదనంలో లేస్తుంది. అది ఆమెకూ తెలుసు. ఒకే పూటలో పొయ్యి ఆర్పకుండా లేచి వెళ్లిన మనుషులు, మందను చుట్టు తిప్పి తోలే కాపరులు, మూడింతలు కలిపిన మందు. ఆ ఇళ్లు ఖాళీ అయింది దొమ్మ వల్లేనని ఆమెకు విడమరచి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. లేపుడు మందు గింజలను ఒక్కటే లేపుతుందని వాళ్లు ఏనాడూ రుజువు చేయలేదు. చేయాలని తట్టలేదు.

"రిపోర్టు ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

"శుక్రవారం."

"అంటే ఇప్పటికి అనుమానమే."

జయపాల్ ఆమె వైపు చూశాడు. "అనుమానమే. కానీ దిబ్బ మీద పని ఆపు."

"శనివారం వాన అంటున్నారు. నాలుగిళ్లు మిగిలాయి. వాన పడితే అవి అదుపులోకి రావు, గింజ వేస్తాయి. కూలీలు మళ్లీ వచ్చేది గురువారం. ఆ ఒక్కరోజు చాలు. ఇవాళ నువ్వు అనుమానమని పైకి రాస్తే క్షేత్రమంతా మూస్తారు. తీరా రిపోర్టు ఏమీ లేదని వస్తే?"

"వస్తే మంచిదే కదా."

"ఎనిమిదేళ్లు జయా."

ఆయన తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. ఆరిపోయిన చేతులను ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆమె గెలవాలని ఆయనా ఎనిమిదేళ్లుగా కోరుకుంటున్నాడు. "మొక్కలు ఎవర్నీ ఇంటికి తీసుకెళ్లనివ్వకు. అక్కడే కాల్పించు," అన్నాడు చివరికి.  ఆ రాత్రి ఆయన ఎక్కడా ఏమీ రాయలేదు.

గురువారం గాలి విపరీతంగా ఉంది. తొలిక వేసిన చోటల్లా ఎర్రదుమ్ము లేస్తోంది. మేత తీసుకెళ్లొద్దని సుభాషిణి అందరికీ చెప్పింది. ఎందుకో చెప్పలేదు. తను జయపాల్ సంచిలోంచి తీసిన మందపాటి మాస్కు పెట్టుకుని గట్టు మీద నిలబడింది. సుంకులమ్మ తలెత్తి చూసి, "దుమ్ము పడలేదా మేడం?" అని అడిగింది.

"పడలేదక్కా."

"కూర్చోండి ఆ చెట్టు కింద. మేం చూసుకుంటాంలే."

మధ్యాహ్నానికి నాలుగిళ్లూ అయిపోయాయి. సుంకులమ్మ తులసి మొక్కలను ఒక్కొక్కటే తన చేత్తో వేళ్లతో సహా తీసింది. పదకొండు. వాటి వేళ్లకున్న మట్టిని ఊది దులిపి, కొంగులో పెట్టుకుంది. సుభాషిణి ఆ ఊదడం చూసింది. అడ్డుపడటానికి రెండడుగులు ముందుకు వేసింది కూడా. ఏమని చెప్పి అడ్డుపడాలో తెలియక ఆగిపోయింది.

శుక్రవారం సాయంత్రం రిపోర్టు వచ్చింది. దొమ్మ.

జయపాల్ అప్పటికప్పుడు జిల్లా ఆసుపత్రికి ఫోన్ చేశాడు. శనివారం తెల్లవారుతూనే డాక్టర్లు వచ్చి ఇరవైమందికీ మాత్రలు, ఇంజక్షన్లు ఇచ్చారు. ఇద్దరికి ముంజేతి మీద నల్లని పుండ్లు లేచాయి. నొప్పి లేదని వాళ్లు పట్టించుకోలేదు. వాళ్లు బతికారు. సుంకులమ్మకు పుండు లేదు. శుక్రవారం మధ్యాహ్నం నుంచే జ్వరం, ఆయాసం. వానలో తడవకముందే జలుబేందని విసుక్కుందట. శనివారం అంబులెన్సు ఎక్కేటప్పుడు సుభాషిణి పక్కన నిలబడి ఉంది. సుంకులమ్మ ఆక్సిజన్ మాస్కు తీయించుకుని, ఊపిరి కూడదీసుకుంటూ, "వాన పడతాంది మేడం. విత్తండి. నాకోసరం ఆపొద్దు," అంది.

వాన నిజంగానే పడుతోంది. సోమవారం ఉదయం ఆసుపత్రిలో సుంకులమ్మ చనిపోయింది. శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. ఆసుపత్రి వాళ్లే ప్లాస్టిక్‌లో చుట్టి, దహనం చేసి, కూతురు ఈశ్వరమ్మను దూరంగా నిలబెట్టి చూపించారు.

*

విచారణకు సుభాషిణి నివేదిక రాయాల్సి వచ్చింది. ఎప్పుడు అనుమానం కలిగింది, ఎప్పుడు పని ఆపారు అన్నవి రెండు ముఖ్యమైన గడులు. జయపాల్ ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"శుక్రవారం అని రాయి. రిపోర్టు వచ్చింది శుక్రవారమే. అబద్ధం కాదు."

సుభాషిణి మంగళవారం అని రాసింది.

"నా ఉద్యోగం కూడా పోతుంది సుభా."

"తెలుసు."

 ఆయన పక్క గదిలోకి వెళ్లి తన కాగితం తీసుకొచ్చి, అదే బల్ల మీద కూర్చుని, తనూ మంగళవారం అని రాశాడు. ఆ తర్వాత వాళ్లు వరండాలో కూర్చున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి గానీ, చచ్చిన పశువుల గురించీ మొలవని గింజల గురించీ మళ్లీ మాట్లాడుకోలేదు.

పంపే ముందు సుభాషిణి ఆ కాగితాలు తీసుకుని రేణిమానుపల్లె వెళ్లింది. ఈశ్వరమ్మకు ముప్పై ఏళ్లుంటాయి. దిబ్బ మీద చెక్కిన ఇరవైమందిలో ఆమె కూడా ఉంది. ముంజేతికి కట్టు ఉంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. అరుగు మీద చాప వేసింది. సుభాషిణి రాసిందంతా చదివి వినిపించింది. మంగళవారం అన్న చోట ఆగి, మళ్లీ చదివింది.

"అంటే గురువారం మమ్మల్ని తోలుకుపోయిననాడు మీకు తెలుసు."

"అనుమానం ఉంది."

"మూతికి కట్టుకుంటిరే. అనుమానానికి కట్టుకుంటారా?"

సుభాషిణి తల వంచుకుంది.  ఈశ్వరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండునని సుభాషిణికి అనిపించింది. కాగితాల వైపు చూపించి, "అందులో మాయమ్మ పేరు రాయల్యా?" అని అడిగింది.

సుభాషిణి చూసింది. నివేదికలో ఉన్నది 'ఒకటో నంబరు మహిళా కూలీ'. అక్కడే అరుగు మీద పెన్ను తీసి, దాన్ని కొట్టేసి, సుంకులమ్మ అని రాసింది. ఏం పని చేసేదని రాయాల్సిన చోట 'కూలి' అన్న మాట కొట్టేసి, కొంచెం ఆలోచించి, 'మొలకలను గుర్తుపట్టే మనిషి' అని రాసింది. ఈశ్వరమ్మకు చదివి వినిపించింది. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది.

జయపాల్‌ను సస్పెండ్ చేశారు. సుభాషిణిని పదవి నుంచి తప్పించి, కొత్త అధికారి వచ్చేదాకా క్షేత్రాన్ని చూసుకునే బాధ్యత మాత్రం ఉంచారు. కొత్త అధికారి రాలేదు. ఆ చోటికి ఎవరూ రామన్నారు. దిబ్బ చుట్టూ కంచె వేసి, మిగిలిన చెత్తంతా కాల్చి, సున్నం చల్లి, మందు నీళ్లు పోశారు. మొదటి పదెకరాల్లో నిలదొక్కుకున్న గడ్డిని కూడా ముందుజాగ్రత్తగా కాల్చేశారు, మిగతా నేల విత్తకుండానే మళ్లీ కలుపు పాలైంది. ఇలియాస్ తన సీసాలూ కాగితాలూ సర్దుకుని, వేరే రాష్ట్రంలో ఒక విత్తనాల కంపెనీలో చేరిపోయాడు. వెళ్లేముందు వచ్చి, "నేను మోతాదు పెంచకుండా ఉండాల్సింది," అన్నాడు. అతని కళ్లు వాచి ఉన్నాయి. అతను చెప్పింది నిజమే. అది మొత్తం నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

*

మరుసటి ఏడాది వానలు ముందే వచ్చాయి. వారంలో చుట్టుపక్కల గట్లూ దారులూ పచ్చబడ్డాయి. దిబ్బ పచ్చబడలేదు. పది రోజులు, ఇరవై రోజులు. ఒక్క తుంగ పోచ లేదు, పల్లేరు లేదు. కంచె అవతల కలుపు కమ్ముకు వస్తుంటే, ఇవతల ఎర్రమట్టి తడిసి, ఆరి, మళ్లీ తడిసి అలాగే పడి ఉంది. సుభాషిణి రోజూ వెళ్లి చూసేది. పాతికేళ్ల చదువులో ఆమె ఇలాంటి నేల చూడలేదు. మట్టిలో నిద్రపోతున్నది ఏదీ లేకపోతే నేల ఇలా ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది. దొమ్మ క్రిములు కూడా అంతే. లేచినవన్నీ ఎండకూ సున్నానికీ చచ్చిపోయాయి. మూడుసార్లు మట్టి పరీక్ష చేశారు. ఏమీ లేదు. ఉద్యోగంలోకి తిరిగి వచ్చిన జయపాల్ ఆ కాగితం తెచ్చి, "ఈ జిల్లాలో ఇంత శుభ్రమైన మట్టి ఇంకెక్కడా లేదు," అన్నాడు. అని, తన మాట తనకే రుచించనట్టు కాగితం మడిచేశాడు.

ఆ వారంలోనే ఇలియాస్ ఫోన్ చేశాడు.

"దిబ్బ ఫలితాలు చూశాను మేడం. ఒక్క కలుపు మొక్క లేదు. మీరు కోరుకున్న నేల అది. విత్తండి. గింజలకు ఇదే ఆఖరి ఏడు, వచ్చే ఏటికి వాటిలో ప్రాణం ఉండదు."

"మీరు అక్కడ ఏం చేస్తున్నారు?"

"లేపుడు మందే. కంపెనీ పెద్ద ఎత్తున చేస్తోంది. నాలుగు వేల ఎకరాలు. భయపడకండి, ముందు దొమ్మకు పరీక్ష చేస్తాం. ఇంకా తొమ్మిది రకాల క్రిములకు చేస్తాం. మనకు తెలిసినవన్నీ చేస్తాం."

"తెలియనివో?"

"మీరు విత్తండి మేడం," అని ఇలియాస్ ఫోన్ పెట్టేశాడు.  

నాటు గడ్డి గింజల సంచులు గోదాములో ఏడు ఉన్నాయి. చుట్టుపక్కల కొండల మీద మిగిలిన దుబ్బుల నుంచి పదేళ్లుగా ఏరినవి. వాటిలో సగం సుంకులమ్మ ఏరినవే. ఇప్పుడు ఆ కొండల మీద కూడా ఆ గడ్డి లేదు. సంచులు కుళ్లిపోతే ఆ జాతి అంతటితో సరి. విత్తితే బతుకుతుంది, అది కూడా ఆ దిబ్బ మీద. సుభాషిణి రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, మూడో రోజు రేణిమానుపల్లె వెళ్లింది. జరిగిందంతా చెప్పింది. ఇలియాస్ ఫోన్ గురించీ, సంచుల గురించీ, మట్టి పరీక్షల గురించీ.

"నన్నెందుకు అడగతాండారు?" అంది ఈశ్వరమ్మ. చాటలో జొన్నలు చెరుగుతోంది. చేతి మీద నల్ల మచ్చ మిగిలిపోయింది.

"మీరు వద్దంటే విత్తను."

"గింజలు కుళ్లిపోతాయి అంటిరి."

"కుళ్లిపోతాయి."

ఈశ్వరమ్మ చెరగడం ఆపలేదు. పొట్టు ఎగిరి ఇద్దరి మధ్యా పడుతోంది. చాట ఖాళీ చేసి, ఇంకో దోసెడు పోసుకుని, అప్పుడు చెప్పింది. "చల్లుకోండి. మా చేతులతో మాత్రం గాదు. ఈ ఊర్లో ఒక్క చెయ్యి కూడా రాదు."

నాటు గడ్డి గింజను పూడ్చకూడదు. పూడిస్తే మొలవదు. ఇసుకలో కలిపి నేల మీద చల్లి, కాలితో తొక్కి మట్టికి అదమాలి. ప్రతి అంగుళం తొక్కాలి. మామూలుగా ఇరవైమంది వరసగా భుజాలు తాకేలా నిలబడి, పాటలు పాడుకుంటూ అడుగులో అడుగు వేసి తొక్కుతారు. ఒక ఎకరం ఒక పూటలో అయిపోతుంది.

సుభాషిణి ఒక్కతే కంచె తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. జయపాల్ వస్తానన్నాడు. వద్దంది. మొదటి సంచి విప్పి, ఇసుక కలిపి, గాలికి వీపు పెట్టి చల్లింది. చెప్పులు విప్పి బయట పెట్టింది. డ్రోన్ తీసిన ఫొటో ఆమె ఎన్నిసార్లు చూసిందంటే, దిబ్బ మీద ఎక్కడ నిలబడినా ఏ ఇంట్లో ఉన్నదీ ఆమెకు తెలుస్తుంది. ఇప్పుడు వాకిలి. ఇది పొయ్యి ఉన్న చోటు. ఇది ఎవరో పడుకున్న గది. ఎడమ పాదం, కుడి పాదం, మళ్లీ ఎడమ పాదం. తడిమట్టి వేళ్ల సందున మెత్తగా పైకి వస్తోంది. మొదటి రోజు ముగిసేసరికి ఆమె ఒక ఇల్లు, దాని పెరడూ తొక్కింది. మరుసటి రోజు పొద్దున్నే మళ్లీ వచ్చి రెండో ఇంట్లోకి అడుగు పెట్టింది.